ఇల్లు వెతుక్కునేటప్పుడు నేరాల లెక్కను ఎలా చదవాలి?

శ్రోతలకు నమస్కారం.

ఇల్లు మారాలనుకునే కుటుంబం మొదట చూసేది గదులు, గాలి వెలుతురు, నీటి వసతి, పిల్లల బడి ఎంత దూరమన్న సంగతి. ఇవన్నీ నచ్చి, ఇక అడ్వాన్సు ఇచ్చేద్దామనుకునే సమయానికి ఇంట్లో ఎవరో ఒకరు నెమ్మదిగా అడుగుతారు: ‘ఆ చుట్టుపక్కల భయమేమీ లేదు కదా?’ ఒకప్పుడు ఈ ప్రశ్నకు తెలిసినవాళ్ల మాటే ఆధారం. ఇప్పుడు చాలా దేశాలలో పోలీసుల దగ్గర నమోదైన నేరాల లెక్కలు ప్రజలందరికీ అందుబాటులోకి వచ్చాయి. పక్కపక్కన ఉన్న రెండు పేటల అంకెలను ఎదురెదురుగా పెట్టుకుని, తక్కువ అంకె ఉన్న చోటే మేలని తేల్చుకోవడం కూడా మామూలైంది. ఆ అంకె దేనిని కొలుస్తుందో తెలియకుండా దానిని నమ్ముకుంటే, మంచి ఇంటిని వదులుకోవచ్చు, లేదా జాగ్రత్త అవసరమైన చోట నిర్భయంగా ఉండిపోవచ్చు. అందుకే ఈ లెక్కను ఎలా చదవాలో ఈరోజు కొంత వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

నేరాలను ప్రాంతాల వారీగా పోల్చి చూడడం కొత్త ఆలోచన కాదు. ఫ్రాన్సు న్యాయశాఖ 1820ల చివర నుంచి ఏటా నేరాల లెక్కలను ప్రచురించడం మొదలుపెట్టింది. ఆంద్రే మిషెల్ గెర్రీ అనే న్యాయవాది వాటిని తీసుకుని, 1833లో దేశపటం మీద జిల్లా జిల్లాకూ రంగు వేసి చూపించాడు. ఉత్తరాన ఆస్తి నేరాలు ఎక్కువ, దక్షిణాన మనుషుల మీద దాడులు ఎక్కువ అని ఆ పటాలలో తేలింది. ‘ఏ ప్రాంతంలో నేరాలు ఎక్కువ?’ అనే ప్రశ్నకు ‘ఏ నేరాలు?’ అనే ఎదురు ప్రశ్న వేయక తప్పదని ఆ పటాలు అప్పుడే చెప్పాయి. ఇల్లు వెతుక్కునే మనం ఆ ఎదురు ప్రశ్ననే మరచిపోతుంటాము.

ముందుగా రేటు సంగతి చూద్దాము. నేరాల రేటు అంటే ఒక ఏడాదిలో నమోదైన నేరాల సంఖ్యను అక్కడి జనాభాతో భాగించి, లక్ష మందికి ఎన్ని అని చెప్పే అంకె. రెండు పేటలను ఊహించుకోండి. మధ్యలో ఒక పెద్ద రోడ్డు మాత్రమే అడ్డం. తూర్పు పేటలో 25,000 మంది నివసిస్తున్నారు, ఏడాదిలో 300 నేరాలు నమోదయ్యాయి. పడమటి పేటలో 60,000 మంది, 420 నేరాలు. లెక్క వేస్తే తూర్పు పేటలో లక్షకు 1,200, పడమటి పేటలో లక్షకు 700. కాగితం మీద ఈ రెండు అంకెలను చూసినవారెవరైనా పడమటి పేటకే ఓటు వేస్తారు.

ఇప్పుడు ఆ 300 నేరాలను విడదీసి చూద్దాము. తూర్పు పేటలో బస్ స్టేషన్, దానిని ఆనుకుని మార్కెట్ ఉన్నాయనుకుందాం. నమోదైనవాటిలో సగానికి పైగా అక్కడ ప్రయాణికుల జేబులు కొట్టడం, సంచులు ఎత్తుకుపోవడం, నిలిపిన వాహనాలు పోవడం వంటివే. ఆ సామాను పోగొట్టుకున్నవారిలో ఎక్కువ మంది ఆ పేటవారు కారు. వారు వేరే చోట్ల నుంచి వచ్చి, గంటో రెండు గంటలో ఉండి వెళ్లినవారు. వారికి జరిగిన నేరం నేరాల సంఖ్యలో చేరింది కానీ, ఆ సంఖ్యను భాగించిన జనాభాలో మాత్రం వారు లేరు. ఇళ్లల్లో పడిన దొంగతనాలను విడిగా తీస్తే తూర్పు పేటలోని 6,000 ఇళ్లలో 15, పడమటి పేటలోని 15,000 ఇళ్లలో 54 అని తేలిందనుకోండి. అంటే తూర్పున 400 ఇళ్లకు ఒకటి, పడమట సుమారు 280 ఇళ్లకు ఒకటి. ఇంటి తాళం గురించి బెంగపడే మనిషికి పనికొచ్చే అంకె ఇది, మొదటి అంకె చెప్పినదానికి ఇది పూర్తిగా ఎదురు చెబుతోంది.

అందువల్ల ఏ రేటును చూసినా, దేనిని దేనితో భాగించారని అడగడం మొదటి పని. ఇళ్ల దొంగతనాలను ఇళ్ల సంఖ్యతోనూ, వాహనాల దొంగతనాలను ఆ చోట నిలిచే వాహనాలతోనూ పోల్చితేనే లెక్క నిజానికి దగ్గరగా వస్తుంది. మార్కెట్లు, ఆసుపత్రులు, రైల్వే స్టేషన్లు, సినిమా హాళ్లు ఉన్న ప్రాంతంలో పగటిపూట తిరిగే జనం అక్కడ రాత్రి పడుకునే జనానికి ఎన్నో రెట్లు ఉంటారు, జనాభా లెక్కలు మాత్రం పడుకునేవారినే లెక్కిస్తాయి. అమెరికాలో దేశమంతటి నేరాల లెక్కలను సేకరించే ఎఫ్‌బీఐ కూడా, తన అంకెలతో ఊళ్లకు ర్యాంకులు ఇవ్వవద్దని ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉంది. అయినా అటువంటి ర్యాంకుల జాబితాలు ఏటా వస్తూనే ఉన్నాయి, వాటిని చూసి ఇళ్లు ఎంచుకునేవారూ ఉంటున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

రెండవ సంగతి ఇంకా లోతైనది. పోలీసు లెక్కలో ఉండేవి జరిగిన నేరాలన్నీ కావు, పోలీసుల దాకా వచ్చి నమోదైనవి మాత్రమే. బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 1830లలోనే ఈ మాట అన్నాడు. తెలిసిన నేరాల వెనుక తెలియని నేరాలు ఎన్నో ఉంటాయని, ఆ రెండింటి మధ్య నిష్పత్తి స్థిరంగా ఉంటేనే తెలిసినవాటి నుంచి ఏదైనా తేల్చగలమని ఆయన వాదన. ఆ చీకటి భాగాన్ని కొలవడానికే అమెరికాలో 1970ల మొదట్లో, ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలలో 1982లో, ఇంటింటికీ వెళ్లి ‘మీకు ఈమధ్య ఏదైనా నేరం జరిగిందా, జరిగితే పోలీసులకు చెప్పారా?’ అని అడిగే సర్వేలు మొదలయ్యాయి. అమెరికా సర్వే ప్రకారం ఇటీవలి సంవత్సరాలలో హింసాత్మక నేరాలలో సగం కూడా, ఆస్తి నేరాలలో సుమారు మూడో వంతుకు మించి కూడా పోలీసుల దాకా రాలేదు. వాహనాల దొంగతనాలు మాత్రం ఎక్కువ భాగం నమోదవుతాయి, ఎందుకంటే బీమా సొమ్ము రావాలంటే పోలీసు కాగితం కావాలి.

కొన్నేళ్ల క్రితం ఇల్లు వెతుకుతూ ఒక వీధిలో అరుగు మీద కూర్చున్న పెద్దావిడను పలకరించాను. లెక్కల ప్రకారం చుట్టుపక్కల అన్నింటికంటే ప్రశాంతమైన పేట అది. ‘అమ్మా, ఇక్కడ దొంగల బెడద ఉందా?’ అని అడిగితే, ‘మొన్న వానాకాలంలో మా వరుసలోనే మూడు ఇళ్లల్లో సామాను పోయింది నాయనా’ అన్నారు. ఫిర్యాదు ఇచ్చారా అన్నాను. ‘పోయింది ఎలాగూ పోయె, మళ్లీ స్టేషను చుట్టూ ఎవరు తిరుగుతారు?’ అని ఆవిడ తిరిగి నన్నే అడిగారు. ఆ మూడు దొంగతనాలూ ఏ లెక్కలోకీ ఎక్కలేదు. పోలీసుల మీద నమ్మకం ఉన్న చోట, స్టేషను దగ్గరగా ఉన్న చోట, చదువు, తీరిక, ధైర్యం ఉన్న చోట ఫిర్యాదులు ఎక్కువగా వస్తాయి, ఆ కారణంగానే అక్కడి అంకె పెరుగుతుంది. భారత దేశంలో నేరాల లెక్కలను ప్రచురించే జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) కూడా ఇదే హెచ్చరిక చేస్తుంది: నేరాలు పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు. పక్కపక్క పేటలు వేర్వేరు పోలీస్ స్టేషన్ల పరిధిలో ఉంటే ఈ తేడాను తప్పకుండా గుర్తుంచుకోవాలి.

అంకె చిన్నదైనప్పుడు మరో జాగ్రత్త కావాలి. 2,000 మంది ఉన్న చిన్న పేటలో ఒక ఏడాది ఒక హత్య జరిగితే, రేటు లక్షకు 50 అవుతుంది. మరుసటి ఏడాది ఏమీ జరగకపోతే సున్నా. ఈ రెండు ఏళ్ల మధ్య ఆ పేటలో మనుషులు మారలేదు, వీధులు మారలేదు. సగటున ఏడాదికి నాలుగు దొంగతనాలు జరిగే చోట ఒక ఏడాది రెండు, మరో ఏడాది ఏడు జరగడం కేవలం కాకతాళీయంగానే సంభవిస్తుంది. ‘నేరాలు మూడు రెట్లు పెరిగాయి’ అనే వార్త వెనుక తరచుగా ఉండేది ఇంతే. కనీసం ఐదేళ్ల లెక్కలను కలిపి చూడందే చిన్న ప్రాంతాలను పోల్చకూడదు.

ఇక నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచే విషయానికి వస్తాను. పేటకు ఒక రేటు అని చెప్పినప్పుడు ప్రమాదం ఆ పేట అంతటా సమానంగా పరచుకుని ఉంటుందని మనకు తెలియకుండానే అనుకుంటాము. వాస్తవం అలా ఉండదు. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో పోలీసులకు ఒక ఏడాదిలో వచ్చిన ఫోన్ కాల్స్‌ను నేరాల మీద పరిశోధన చేసే లారెన్స్ షెర్మన్ బృందం చిరునామాల వారీగా విడదీసి 1989లో ప్రచురించింది. సగం కాల్స్ నగరంలోని చిరునామాలలో సుమారు 3 శాతం నుంచే వచ్చాయి. అదే రంగానికి చెందిన డేవిడ్ వైస్‌బర్డ్ బృందం అమెరికాలోనే సియాటిల్ నగరంలో 14 ఏళ్ల లెక్కలను వీధి ముక్కల వారీగా, అంటే రెండు కూడళ్ల మధ్య ఉన్న వీధి భాగాల వారీగా చూసినప్పుడు, రమారమి 5 శాతం వీధులలోనే సగం నేరాలు జరిగినట్టు, ఏళ్లు గడిచినా ఆ వీధులు పెద్దగా మారనట్టు తేలింది. చెడ్డపేరు పడ్డ పేటలో కూడా ఎక్కువ వీధులు ఏ అలజడీ లేకుండా ఉంటాయి. మంచిపేరున్న పేటలోనూ ఒక మూల మలుపు ఏళ్ల తరబడి గొడవలకు నెలవుగా ఉండవచ్చు. మనం నివసించబోయేది సగటులో కాదు, ఒక వీధిలో, ఒక గుమ్మం వెనుక.

కొన్ని దేశాలలో వీధుల వారీ పటాలు దొరుకుతున్నాయి. ఇంగ్లండులో 2011 నుంచి అటువంటి పటాన్ని ఎవరైనా చూడవచ్చు. అయితే బాధితుల వివరాలు బయటపడకుండా, నేరం జరిగిన ఇంటిని చూపించకుండా, దగ్గరలోని ఒక గుర్తు మీదికి జరిపి చూపిస్తారు. ఆ చుక్క మీ వీధి మొదట్లో కనబడినంత మాత్రాన ఆ ఇంట్లోనే దొంగలు పడ్డారని అనుకోకూడదు. పటం చూసేటప్పుడు పేట హద్దును కూడా పట్టించుకోనవసరం లేదు. మీరు చూస్తున్న ఇల్లు హద్దు రోడ్డుకు పక్కనే ఉంటే, ఆ పేట సగటు కంటే రోడ్డుకు అవతలి పదిళ్ల సంగతే మీకు ఎక్కువ అవసరం. ఇంగ్లండులోని మెర్సీసైడ్ ప్రాంతంలో జరిగిన పరిశోధనలో, ఒక ఇంట్లో దొంగలు పడితే 400 మీటర్ల లోపు ఉన్న ఇళ్లకు ఒకటి రెండు నెలల పాటు ప్రమాదం పెరుగుతుందని కనబడింది. ఈమధ్యే దొంగతనం జరిగిన వీధిలో చేరుతున్నవారు వెంటనే తాళాలు మార్చుకుని, కిటికీ గడియలు సరిచూసుకుంటే ఆ గడ్డు కాలం దాటిపోతుంది.

మాటల ద్వారా తెలిసేదాన్ని కూడా ఇలాగే తూచి తీసుకోవాలి. అమెరికాలో 1993 తరువాత రెండున్నర దశాబ్దాలలో హింసాత్మక నేరాల రేటు సుమారు సగానికి తగ్గింది. ఆ కాలంలోనే దేశంలో నేరాలు పెరుగుతున్నాయా అని ప్రజాభిప్రాయ సర్వేలు చేసే గాలప్ సంస్థ అడిగిన ఎక్కువ సంవత్సరాలలో, అవునని అన్నవారే ఎక్కువ. మీ చుట్టుపక్కల పెరిగాయా అని అడిగితే మాత్రం అవునన్నవారు బాగా తక్కువ. భయం మనకు తెలియని చోటు మీదనే పెద్దగా వాలుతుంది. రోడ్డుకు అవతల పేదవారో, వేరే భాషవారో, వేరే మతంవారో ఉంటే ఆ భయానికి ‘అక్కడివాళ్లు మంచివాళ్లు కారు’ అనే మాట తోడవుతుంది. ఇల్లు చూపించేవారి నోట ఆ మాట విన్నప్పుడు, ఏ వీధిలో, ఎప్పుడు, ఏం జరిగిందని నెమ్మదిగా అడగండి. చాలాసార్లు జవాబు ఉండదు.

పోలీసు అంకెలకు అందని విషయం ఒకటి ఉంది, అది ఇరుగుపొరుగువారు ఒకరినొకరు పట్టించుకోవడం. దానిని కూడా కొలిచినవారు ఉన్నారు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం అమెరికాలోని షికాగో నగరంలో 343 ప్రాంతాలలో 8,782 మందిని ప్రశ్నించి, 1997లో ఫలితాలు ప్రచురించింది. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూల తిరుగుతుంటే ఇరుగుపొరుగువారు పట్టించుకుంటారా, ఇంటి ముందు కొట్లాట జరిగితే ఎవరైనా అడ్డుపడతారా, ఇక్కడివారిని నమ్మవచ్చా అనే తరహా ప్రశ్నలు అవి. అవునన్నవారు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో, పేదరికం వంటి ఇతర తేడాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, హింస తక్కువగా కనబడింది.

ఆ పెద్దావిడతో మాట్లాడిన రోజే రోడ్డు దాటి అవతలి పేటలోకి కూడా వెళ్లాను. అక్కడి రేటు ఎక్కువని నాకు ముందే తెలుసు. ఒక ఇంటి ముందు ఆగి ఫోన్‌లో చిరునామా సరిచూసుకుంటుంటే, రెండు నిమిషాలు గడవకముందే ఎదురింటి మేడ మీది నుంచి ఒకాయన ‘ఎవరు కావాలండీ?’ అని కేకేశారు. సంగతి చెప్పాక కిందికి దిగి వచ్చి, కిందటేడు తమ వీధిలో ఒక బండి పోయిందని, ఆ రాత్రే నలుగురూ కలిసి వెళ్లి ఫిర్యాదు ఇచ్చామని, వీధి చివర వెలగని దీపాన్ని తరువాత వారం పట్టుబట్టి వేయించుకున్నామని చెప్పారు. చీకటి పడేదాకా ఉండి ఆ దీపాన్ని చూసి వచ్చాను. మరుసటి నెలలో మేము ఆ వీధిలోనే చేరాము.

నమస్కారం.