తరవాణి కుండ, కడుపులోని కాపలా

నమస్కారం. గుణుపురం నుంచి ఒక తల్లి నన్ను ఇలా అడిగారు. పెళ్లి భోజనం తిన్న మర్నాటి నుంచి మూడేళ్ల బాబుకు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. మందుల దుకాణంలో యాంటీబయాటిక్ మందుతో పాటు ‘మంచి బ్యాక్టీరియా’ పొడి కూడా చేతిలో పెట్టారు. రెండూ వాడవచ్చా? అమ్మా, మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను, కానీ ముందు ఒక ఎలుకల ప్రయోగం గురించి చెప్పాలి.

1950లలో, 60లలో షికాగో విశ్వవిద్యాలయంలో మార్జరీ బోన్‌హాఫ్, ఫిలిప్ మిల్లర్ ఎలుకలకు సాల్మొనెల్లా అనే, కలుషిత ఆహారం ద్వారా వచ్చే పేగుజబ్బు క్రిమిని ఇచ్చి పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు ఆ జబ్బు అంటించడానికి సుమారు 1,00,000 క్రిములు కావలసి వచ్చింది. ముందుగా ఒక మోతాదు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టించిన ఎలుకకైతే పది క్రిములు కూడా అక్కరలేకపోయింది. ఎలుక అదే, సాల్మొనెల్లా అదే, మారిందల్లా పేగులో అంతకుముందు కాపురమున్న సూక్ష్మజీవులు మందు దెబ్బకు చెదిరిపోవడమే.

మన పేగుల్లోనూ అలాంటివి లక్షల కోట్లు ఉన్నాయి. కొత్తగా వచ్చిన క్రిమికి దొరకవలసిన చక్కెరలను అవి ముందే తినేస్తాయి, పేగు గోడ మీద చోటు ఆక్రమించుకుని ఉంటాయి, మనం జీర్ణం చేసుకోలేని పీచును పులియబెట్టి హానికర క్రిములకు గిట్టని ఆమ్లాలను తయారు చేస్తాయి. కొన్నయితే పొరుగు బ్యాక్టీరియాను చంపే ప్రోటీన్లను కూడా విడుస్తాయి. ఫిన్లాండ్‌లో నూర్మి, రంటాలా 1973లో ప్రచురించిన పరిశోధనలో, అప్పుడే పుట్టిన కోడిపిల్లలకు పెద్ద కోళ్ల పేగులోని పదార్థం పట్టించగానే వాటికి సాల్మొనెల్లాను తట్టుకునే శక్తి వచ్చింది.

మన ఒడిశాలోనే జరిగిన ఒక పరిశోధన ఇంకా విలువైనదని నా అభిప్రాయం. 149 పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులను తీసుకుని, కొందరికి పుట్టిన తొలి రోజుల్లోనే వారం పాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే మంచి బ్యాక్టీరియాను, దానికి మేతగా పనికివచ్చే ఒక చక్కెరతో కలిపి ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో సెప్సిస్‌కో (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి ప్రాణం మీదికి తెచ్చే స్థితి) మరణానికో గురైనవారు మిగతా శిశువుల్లో నూటికి 9 మంది కాగా, ఈ శిశువుల్లో 5.4 మంది. 2017లో వెలువడిన ఈ ఫలితం పాడైన తిండి వల్ల వచ్చే విరేచనాల గురించి కాదు, సెప్సిస్ గురించి. ఇక్కడ మనం గమనించవలసింది ఆ బ్యాక్టీరియాను జబ్బు రాకముందే, ఆరోగ్యంగా ఉన్న శిశువులకు ఇచ్చారన్న సంగతి. జబ్బు వచ్చాక ఇస్తే కథ వేరుగా ఉంటుంది. అమెరికాలో వాంతులు, విరేచనాలతో వచ్చిన 971 మంది చిన్నపిల్లల మీద మరో రకం లాక్టోబాసిల్లస్‌ను పరీక్షించి 2018లో ఫలితం ప్రకటించారు, ఉత్తుత్తి పొడి తీసుకున్నవారి కంటే వీరికి మేలేమీ కనబడలేదు.

మరి గంజిని పులియబెట్టి చేసుకునే మన తరవాణి, ఒడియా ఇరుగుపొరుగు అన్నంలో నీళ్లు పోసి నానబెట్టి చేసుకునే పఖాళ సంగతేమిటని మీరు అడుగుతారు. వాటి కాపలా కడుపులో కంటే ముందు కుండలోనే మొదలవుతుంది. మా ఇంట్లో గంజి పోసి వాసెన కట్టిన కుండను కడిగినప్పుడల్లా అమ్మ ఒక గ్లాసు పాత తరవాణి పక్కన తీసి ఉంచి, దానినే తోడుగా మళ్లీ పోసేది. ఆ తోడులోని లాక్టిక్ బ్యాక్టీరియా త్వరగా పెరిగి పులుపు ఎక్కిస్తే చెడ్డ క్రిములకు నిలదొక్కుకునే వీలుండదు. తోడు లేకుండా, ఉడికిన అన్నాన్ని ఎండాకాలంలో గంటల తరబడి వెచ్చగా వదిలేస్తే మాత్రం బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి అందులో విషం తయారు చేయగలదు. అన్నం ఉడికినా దాని బీజాలు చావవు, వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుచేత అన్నాన్ని త్వరగా చల్లార్చి, కాచి చల్లార్చిన నీళ్లే పోయండి. 2022లో మన రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో కలరా ప్రాణాలు తీసింది, మురికి నీటికి ఏ తరవాణీ విరుగుడు కాదు.

ఇక మీ బాబు సంగతి, అమ్మా. ఒక లీటరు శుభ్రమైన నీటిలో లీటరుకు సరిపడే ఓఆర్ఎస్ ప్యాకెట్ పూర్తిగా కలిపి కొద్దికొద్దిగా పట్టించండి, జింకు మాత్ర రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇవ్వండి, తిండి మాన్పించకండి. ఆ ‘మంచి బ్యాక్టీరియా’ పొడి లేకపోయినా నష్టం లేదు. యాంటీబయాటిక్‌ను మాత్రం డాక్టరు చూసి రాస్తేనే వేయండి, ఎందుకంటే అది బాబు కడుపులోని కాపలాను కూడా చెదరగొడుతుంది. విరేచనంలో నెత్తురు పడినా, కళ్లు గుంటలు పడినా, తాగింది నిలవకపోయినా, బాబు మగతగా ఉన్నా ఇక ఇంట్లో ఉంచకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.