రిజల్ట్స్ రోజు సర్వర్ ఎందుకు పడిపోతుంది?

[తెర మీద: ఫోన్‌లో ఆగకుండా తిరుగుతున్న లోడింగ్ చక్రం]

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన నిమిషం. రాష్ట్రంలోని పిల్లలంతా ఒకే పేజీ తెరుస్తారు. హాల్ టికెట్ నంబర్ కొట్టాక చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ కాసేపు వాళ్ల గుండె ఎలా కొట్టుకుంటుందో మనకు తెలియంది కాదు. సర్వర్ నడిపేవాళ్లకే ఈ వీడియో.

[తెర మీద: లెక్క ఒక్కో వరుసగా]

ర్యామ్‌లో 4 జీబీ వెబ్ సర్వర్‌కే ఇచ్చాం, పేజీలు పంపే అపాచీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ప్రాసెస్ (ఒకసారికి ఒక రిక్వెస్టు చూసే పనివాడు), పేజీని తయారుచేసే పీహెచ్‌పీతో కలిపి 40 ఎంబీ తింటోంది అనుకుందాం. అంటే 100 ప్రాసెస్‌లు పడతాయి. ఒక్కో రిక్వెస్టుకు 0.2 సెకన్లు పడితే, సెకనుకు 500 మందికి జవాబు అందుతుంది.

కానీ అపాచీ ప్రీఫోర్క్‌లో, అంటే రిక్వెస్టుకో ప్రాసెస్ చొప్పున నడిచే పద్ధతిలో, ప్రాసెస్‌ల డిఫాల్ట్ పరిమితి 256. జనం తోసుకొచ్చేసరికి అంతవరకూ తెరుస్తూ పోతుంది. వాటికి 10 జీబీ కావాలి, ఉన్నది 4. మిగతాది స్వాప్‌కి, అంటే డిస్క్ మీదికి పోతుంది. ఒక్కో రిక్వెస్టు 5 సెకన్లకు చేరిందా, ఇక సెకనుకు 51 మందే. తలుపులు రెండున్నర రెట్లు తెరిచాం, పని పదో వంతుకు పడిపోయింది.

ఈలోగా పిల్లలు ఊరుకోరుగా, మళ్లీ రిఫ్రెష్ కొడతారు. వాళ్లు వదిలేసిన పాత రిక్వెస్టు మీద సర్వర్ చాలాసార్లు చివరిదాకా పనిచేస్తూనే ఉంటుంది.

[తెర మీద: క్యూ లైన్ బొమ్మ]

తిరుమలలో అందరినీ ఒక్కసారే గుళ్లోకి వదలరు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి, కొంతమంది చొప్పున పంపుతారు. మీరూ ఆ 256 పరిమితిని, అంటే అపాచీలోని మ్యాక్స్ రిక్వెస్ట్ వర్కర్స్ సెట్టింగ్‌ని, ఏ 90కో దించండి. అపాచీకి ముందు ఇంజిన్‌ఎక్స్ అనే తేలికైన వెబ్ సర్వర్ పెట్టి, మించి వచ్చినవాళ్లకు 503 కోడ్‌తో (ప్రస్తుతానికి సేవ అందదు అని అర్థం) ఒక తేలికపాటి పేజీ చూపించండి: “రద్దీగా ఉంది, పేజీ దానంతటదే మళ్లీ ప్రయత్నిస్తుంది.” ఎన్ని సెకన్లకు మళ్లీ ప్రయత్నించాలో అందరికీ సరిగ్గా 30 అని పెడితే అందరూ మళ్లీ ఒకేసారి వచ్చి పడతారు. 20 నుంచి 60 మధ్య ఎవరికి ఎంత వస్తే అంత పెట్టండి.

ఒక్క జాగ్రత్త. ఒక్కో ఐపీ అడ్రస్‌కి (నెట్‌లో కనెక్షన్ చిరునామా) ఇన్ని రిక్వెస్టులే అని గట్టిగా బిగించకండి. మొబైల్ నెట్‌వర్కుల్లో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు. తప్పు లేని పిల్లలు బయట నిలబడిపోతారు.

[తెర మీద: వరుసగా చిన్న చిన్న ఫైళ్లు]

అసలు నన్నడిగితే, రిజల్ట్స్‌కి ఆ క్షణంలో డేటాబేస్‌తో పనే లేదు. మార్కులు గంటగంటకీ మారవు కదా! ముందు రాత్రే ఒక్కో హాల్ టికెట్ నంబర్‌కి ఒక్కో చిన్న ఫైలు తయారుచేసి, బయటికి కనబడని ఫోల్డర్‌లో ఉంచండి. రెండు, మూడు కేబీ ఫైలు పంపడం ఇంజిన్‌ఎక్స్‌కి లెక్కే కాదు; పీహెచ్‌పీ జోలికి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ జోలికి పోనే పోదు. ప్రకటన రాగానే ఆ ఫోల్డర్‌ని తెరవడమే.