మీ ఎస్టీపీ ట్యాంకును తింటున్నది నీళ్లు కాదు, నీళ్ల పైనున్న గాలి

నమస్కారం. హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) ట్యాంకుల లైనింగు, అంటే లోపలి రక్షణ పూత మీద నడుస్తున్న గొడవ మీకు తెలిసిందే. లక్షలు పోసి వేయించిన ఎపాక్సీ కోటింగు రెండు వానాకాలాలు గడవకముందే పెచ్చులూడిపోతుంటే, అసోసియేషన్ వారు కాంట్రాక్టరును, కాంట్రాక్టరు మెటీరియల్‌ను, మెటీరియల్ అమ్మినవారు మేస్త్రీని తప్పుపడుతున్నారు. ముగ్గురూ గోడనే చూస్తున్నారు. నేను మాత్రం తల పైకెత్తి ట్యాంకు పైకప్పు స్లాబ్ అడుగు చూడమంటున్నాను, ఎందుకంటే ట్యాంకు చచ్చేది నీళ్లు నిలిచిన చోట కాదు, నీళ్లకు పైన ఖాళీగా ఉన్న ఆ రెండు అడుగుల జాగాలో.

కూకట్‌పల్లిలో మా అపార్టుమెంటు ట్యాంకును ఖాళీ చేయించిన రోజున నేను మ్యాన్‌హోల్ పక్కనే నిలబడి ఉన్నాను. ఎప్పుడూ మురుగులో మునిగి ఉండే కింది గోడ మీద సుత్తితో కొడితే గట్టిగా ఖంగుమంది. మ్యాన్‌హోల్ అంచున, స్లాబ్ అడుగు భాగంలో స్క్రూడ్రైవర్ గుచ్చితే తడిసిన సుద్దలో దిగినట్లు సగం దాకా దిగింది. లోపలి ఇనుప చువ్వలు పొరలు పొరలుగా చేతికి రాలుతున్నాయి. అంతకుముందు మాకు పని చేసిన కాంట్రాక్టరు గోడలకూ అడుగుకూ మాత్రమే కోటింగు వేసి, స్లాబ్‌ను తాకకుండా వదిలేశాడు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో నాకు ఆ రోజు కళ్లారా కనిపించింది.

కారణం పాతదే. అడుగున చేరిన బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి అక్కడి బ్యాక్టీరియా మురుగులోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. ఆ వాయువు పైకి లేచి స్లాబ్ కింది చెమ్మలో కరిగితే, అక్కడ కాపురముండే మరో రకం బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, అంటే బ్యాటరీలో పోసే ఆమ్లంగా మారుస్తుంది. 1945లోనే మెల్‌బోర్న్‌లో పార్కర్ అనే శాస్త్రవేత్త ఈ బ్యాక్టీరియా పాత్రను బయటపెట్టాడు. కొత్త కాంక్రీటు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 12 నుంచి 13 దాకా ఉంటుంది. ఈ ఆమ్లం ముదిరిన చోట అది 2 కంటే కిందికి పడిపోతుంది, సిమెంటులోని సున్నం జిప్సంగా మారి పిండిలా రాలుతుంది.

ఇక నా వాదన వినండి. మన దగ్గర దీన్ని ముదరబెడుతున్నది వెంట్ పైపును, అంటే ట్యాంకులోని గాలిని బయటికి పంపే గొట్టాన్ని మూసివేయడమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. గ్రౌండ్ ఫ్లోరు వారు వాసన వస్తోందని ఫిర్యాదు చేయగానే కమిటీ వెంట్ పైపుకు మూత బిగించి, మ్యాన్‌హోల్ మూతను సిమెంటుతో పూడ్పిస్తుంది. వాసన ఆగిందని అందరూ ఊరట చెందుతారు. బయటికి పోవలసిన వాయువూ ఆవిరీ లోపలే నిలిచి స్లాబ్‌ను తింటూ ఉంటాయి. వాసన వస్తే పైపును టెర్రస్ మీదికి ఎత్తించాలి గానీ, దాని నోరు కట్టేయకూడదు.

మరమ్మతు సంగతికి వస్తే, సగం డబ్బు ఆ ఎపాక్సీ డబ్బాకు కాదు, దానికి ముందు చేసే పనికి పెట్టాలి. మెత్తబడిన కాంక్రీటునంతా అధిక పీడనపు నీటితో గట్టి పొర తగిలేదాకా చెక్కించాలి. ఆ తర్వాత ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది, రంగు రాని చోట ఇంకా చెక్కాలి. చువ్వల తుప్పు తీసి, ఆమ్లాన్ని తట్టుకునే మోర్టారుతో పోయిన మందాన్ని తిరిగి నింపి, అది ఆరాక ఒక ప్లాస్టిక్ షీటు ముక్కను నాలుగు వైపులా టేపుతో అతికించి రాత్రంతా వదిలేయాలి. పొద్దున షీటు లోపల నీటి బొట్లు కనిపిస్తే ఆ రోజు ఎపాక్సీ డబ్బా మూత తీయకూడదు. వానాకాలంలో బయటి భూగర్భజలం గోడను లోపలికి నెడుతుంది, నీరు ఊరే పగుళ్లను ముందు గ్రౌట్‌తో (పగుళ్లలోకి ఎక్కించే పలుచని మిశ్రమంతో) మూయకపోతే ఎంత ఖరీదైన కోటింగైనా బుడగలు లేచి ఊడుతుంది.

ఒక మాట కోపంగానే చెబుతాను. ఆ వాయువు మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది, అందుకే "వాసన లేదు, దిగు" అన్న మాటతో ప్రాణాలు పోతాయి. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పు చెప్పింది. గ్యాస్ మీటరు, బ్లోయరు లేని కాంట్రాక్టరును గేటు దగ్గరే వెనక్కి పంపండి.

ఇప్పుడు మీ అసోసియేషన్ దగ్గరున్న కొటేషన్ తీయండి. అందులో స్లాబ్ అడుగు భాగానికి ఎన్ని చదరపు అడుగులు రాశారో చూసి, ఆ అంకెను కింద కామెంటులో పెట్టండి. సున్నా అయితే సున్నా అనే రాయండి.