ఆ పతకాన్ని తోమకండి

అధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కాబట్టి పాత కాగితాలను కాపాడుకోవడం గురించి మాట్లాడమన్నారు. ముందు ఒక వెండి బిళ్ల సంగతి చెప్పి, ఆ దారిలోనే కాగితాల దగ్గరికి వస్తాను.

1902 ఆగస్టులో ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి రెండు గౌరవాలు ఏర్పాటు చేశాడు. గుమాస్తాలకు, వాళ్ల పై అధికారులకు ఇంపీరియల్ సర్వీస్ ఆర్డర్. వాళ్ల కిందివాళ్లకు, అంటే తపాలా బంట్రోతులకు, జమేదార్లకు, దఫేదార్లకు ఇంపీరియల్ సర్వీస్ మెడల్. మామూలుగా 25 ఏళ్ల నమ్మకమైన కొలువు ఉండాలి. ఉద్యోగం విరమించాక ఇచ్చేవారు. మొదట్లో అది ఏడు కోణాల నక్షత్రం. 1920 నుంచి గుండ్రటి వెండి బిళ్ల, అడ్డం 32 మిల్లీమీటర్లు. రిబ్బను మధ్యలో నీలం, అటూ ఇటూ ఎరుపు. ముందు రాజు తల, వెనక పని ముగించి సేద తీరుతున్న మనిషి, కింద ‘నమ్మకమైన సేవకు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు అక్షరాలు.

రాజు తల సంగతి వదిలేయండి. మనకు కావలసింది అంచు. పుచ్చుకున్నవాడి పేరు ఆ అంచు మీదే ఉంటుంది. చుట్టూ కొలిస్తే పది సెంటీమీటర్లు. ఒక బంట్రోతు 25 ఏళ్ల బతుకు ఆ పది సెంటీమీటర్లలో ఉంది! పండక్కి విభూతి, చింతపండు పెట్టి తోమితే వేళ్లు పట్టుకునేదీ అక్కడే, అక్షరం అరిగేదీ అక్కడే. నలుపు తుప్పు కాదమ్మా. గాలిలోని గంధకం వెండి మీద పట్టిన పొర. ఉండనివ్వండి. తోమకండి.

ఇంకో అన్యాయం ఉంది. అమ్మబోతే తూకం వేసి వెండి ధర కడతారు. మూసలో పడ్డాక పేరూ లేదు, మనిషీ లేడు.

పేరు చదవాలంటే టార్చి పక్కవాటుగా పట్టి, బిళ్లను కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోటోలు తీయండి. తర్వాత లండన్ గెజెట్‌లో వెతకండి. అది బ్రిటిష్ ప్రభుత్వ అధికార పత్రిక, పతకాలు పొందినవాళ్ల పేర్లు అందులో అచ్చయ్యేవి. ఇంటర్నెట్‌లో ఉచితమే. దొరకలేదని వదలొద్దు. మద్రాసు గుమాస్తాల స్పెల్లింగు వేరు. ‘వెంకటస్వామి’లో ‘కే’ బదులు ‘సీ’, ‘స్వా’ బదులు ‘సా’ రాసినవి బోలెడు. ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలి ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. మీ తాతల పేర్లు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఇప్పుడే మనసులో రాసి చూడండి!

ఇక కాగితాలు. పతకంతో వచ్చిన డబ్బా, ఉత్తరం, పింఛను కాగితాలు విడదీయకండి. పేరరిగిన పతకానికి సాక్ష్యం అవే. రబ్బరు బ్యాండు వేయొద్దు. దానిలోనూ గంధకమే, బిగించిన చోట నల్లటి గీత పడుతుంది. పీవీసీ కవరూ వద్దు. పాతబడితే ఆమ్లం వదిలి లోహాన్నీ కాగితాన్నీ తింటుంది. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని చోట పెట్టండి.

ఈ బల్ల మీద భూతద్దం, టార్చి ఉన్నాయి. ఎవరింట్లోనైనా అలాంటి బిళ్ల ఉంటే రేపు తీసుకురండి. కడక్కుండా తెండి.