ఎ320 నియోను ఇంట్లో కూర్చుని కట్టినవారి పేర్లు

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. కంప్యూటర్ ఆటల రంగంలో ఉపాధి అవకాశాల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు కనుక, నాకు దొరికిన ఈ కాస్త సమయాన్ని ఒక్క విమానానికే వినియోగించుకోవడానికి అనుమతించండి.

2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అనే, విమానాలు నడిపే కంప్యూటర్ ఆట కొత్త రూపంలో విడుదలైనప్పుడు, అందులో ఎయిర్‌బస్ ఎ320 నియో అనే ప్రయాణికుల విమానం కూడా ఉంది. చూడటానికి అది అచ్చం అసలు విమానమే, కానీ కాక్‌పిట్‌లోని మీటలు చాలావాటిని నొక్కినా ఏమీ జరిగేది కాదు. ఆ లోటును సహించలేని కొందరు ఆటగాళ్లు అదే ఏడాది ఫ్లైబైవైర్ సిమ్యులేషన్స్ పేరుతో ఒక జట్టుగా కూడి, ఎ32ఎన్ఎక్స్ అనే నమూనాను మొదలుపెట్టారు. తొలుత ఉన్నదానికి చిన్నచిన్న మరమ్మతులు చేసినవారే, క్రమంగా ఆటోపైలట్‌ను, తెరలను, ప్రయాణ మార్గాన్ని లెక్కగట్టే కంప్యూటర్‌ను తామే తిరగరాసి, ఎవరైనా ఉచితంగా దించుకునేలా ప్రజల ముందుంచారు.

ఆ పని ఎంత లోతైనదో ఒక్క ఉదాహరణతో చెబుతాను. శంషాబాద్‌లో ఎ320 ఎక్కి రెక్కల దగ్గరి వరుసల్లో కూర్చున్నవారికి, విమానం గేటు వదిలే వేళ కాళ్ల కింద నుంచి కుక్క మొరిగినట్టు ఆగి ఆగి ఒక చప్పుడు వినిపిస్తుంది. కొత్తగా ఎక్కినవారు కంగారు పడతారు. ఈ విమానంలో హైడ్రాలిక్ వ్యవస్థలు, అంటే ద్రవ పీడనంతో భాగాలను కదిలించే వ్యవస్థలు, మూడు ఉంటాయి. వాటిని ఆకుపచ్చ, నీలం, పసుపు అని పిలుస్తారు. మామూలు వేళల్లో వాటిలో పీడనం సుమారు 3,000 పీఎస్‌ఐ (పీఎస్‌ఐ అంటే పీడనాన్ని కొలిచే ప్రమాణం). ఆకుపచ్చకు ఒకటో ఇంజన్ పంపు, పసుపుకు రెండో ఇంజన్ పంపు ఆధారం. ఈ రెంటి మధ్య తేడా 500 పీఎస్‌ఐ దాటినప్పుడు, పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్ అనే పరికరం, ఒకదాని ద్రవం మరొకదానిలో కలవకుండానే, బలమున్నదాని శక్తిని బలహీనపడినదానికి అందిస్తుంది. మనకు వినిపించేది ఆ పరికరం పనిచేస్తున్న చప్పుడు. ఈ జట్టువారు ఆ శబ్దాన్ని రికార్డు చేసి తగిలించి ఊరుకోలేదు. పంపులను, పీడనాన్ని, ద్రవ ప్రవాహాన్ని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లెక్కలుగా రాశారు. ఆ లెక్కలో తేడా పుట్టినప్పుడే ఆ పరికరం కదులుతుంది.

విమానం దిగే తీరు కూడా అంతే. 1987లో తొలిసారి ఎగిరిన ఎ320లో పైలట్ చేతి కర్రకూ రెక్కల పలకలకూ మధ్య కంప్యూటర్లు ఉంటాయి. నేలకు 50 అడుగుల ఎత్తులో కంప్యూటర్ ముక్కు కోణాన్ని గుర్తుపెట్టుకుని, 30 అడుగుల దగ్గర నుంచి ముక్కును నెమ్మదిగా కిందికి వంచడం మొదలుపెడుతుంది. అందువల్ల పైలట్ మామూలు విమానంలో లాగే కర్రను వెనక్కి లాగి దిగవలసి వస్తుంది. చూసేవారి కంటికి ఆనని ఈ గుణాన్ని కూడా వారు వదలకుండా రాశారు.

ఇక్కడ నా మనసులోని బాధ చెప్పక తప్పదు. మా ఊళ్లో ఒక శిక్షణ సంస్థ ఈ నమూనానే తన సొంత తయారీగా చూపించి, తెర మీద కనిపించే తయారీదారుల పేర్లను తీసేసి, పిల్లల దగ్గర ఫీజు వసూలు చేసింది. నేను వెళ్లి అడిగితే, ‘ఉచితంగా దొరికినదానికి పేర్లెందుకండీ?’ అన్నారు. ఉచితంగా ఇచ్చినవారు ఏ షరతూ లేకుండా ఇవ్వలేదు. ఆ ప్రోగ్రామ్ కోడ్‌కు జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) మూడో వెర్షన్ లైసెన్సు ఉంది. దాని ప్రకారం ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, డబ్బుకు కూడా ఇవ్వవచ్చు. కానీ మార్చి పంచేవారు తమ మార్పుల మూల కోడ్‌ను అదే లైసెన్సు కింద ఇవ్వాలి, కాపీరైట్ హక్కుల ప్రకటనలను చెరపకూడదు. ఉద్యోగం ముగించుకుని రాత్రిపూట హైడ్రాలిక్ పీడనాన్ని లెక్కగట్టిన మనిషికి జీతం లేదు, సన్మానం లేదు. అతనికి దక్కేది ఆ పేరొక్కటే. దాన్నీ తుడిచేయడాన్ని నేను దొంగతనమనే అంటాను.

విద్యార్థులారా, మీ ప్రాజెక్టుల్లో ఇతరుల కోడ్ ఉన్నదని నాకు తెలుసు. ఉండటం తప్పేమీ కాదు. మీ నివేదిక మొదటి పేజీలోనే, మీ గైడు గారి పేరు పక్కనే, ఆ కోడ్ రాసినవారి పేర్లు, లైసెన్సు రాయండి. అధ్యాపకులకు నా విన్నపం: ఆ పేజీ లేని నివేదికకు దయచేసి మార్కులు వేయకండి.

ఈ విమానానికి సాయం చేయాలంటే ప్రోగ్రామింగే రానక్కరలేదు. శంషాబాద్ నుంచి విశాఖకు దాన్ని నడిపి, లోపం కనిపించిన చోట వెర్షన్, ఎత్తు, వేగం, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) స్థితి, అంతకుముందు ఏ మీట నొక్కారో వరుసగా రాసి పంపితే చాలు. ‘విమానం సరిగా ఎగరడం లేదు’ అని ఒక్క ముక్క రాస్తే దిద్దేవారికి ఏ ఆధారమూ దొరకదు. మధ్యాహ్నం భోజనాల తరువాత రెండో అంతస్తు ల్యాబ్‌లో ఉంటాను. అలాంటి నివేదిక ఎలా రాయాలో, ఆసక్తి ఉన్నవారితో కూర్చుని ఒకటి రాయిస్తాను.