ఫైలు సర్దే ముందు దాని చరిత్ర చూడండి

నమస్కారం. తిరుపతి బైరాగిపట్టెడ నుంచి మాట్లాడుతున్నాను. చిత్తూరులో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మూడు లైన్ల తప్పు సరిచేశాను. పనిలో పనిగా చిందరవందరగా ఉన్న ఫైళ్లను కూడా ఫోల్డర్లుగా సర్ది పంపాను. తీసుకోలేదు. ఎందుకు?"

తమ్ముడూ, నువ్వు సర్దిన తీరు బాగానే ఉండవచ్చు. కానీ రెండు పనులను ఒకే కమిట్‌లో, అంటే చరిత్రలో ఒక్కటిగా నమోదయ్యే మార్పులో, కలిపేశావు.

ఫైళ్లలో ఎవరు ఏ మార్పు చేశారో ఆ చరిత్రను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ గిట్. లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ లాంటి కెర్నెల్ పని కోసం 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని తయారుచేశారు. ఫైలు చోటు మారిందన్న సంగతిని గిట్ ఎక్కడా రాసిపెట్టుకోదు. ఫైలును కదిలించే 'గిట్ ఎంవీ' ఆదేశం వాడినా సరే. ఈ పేరుతో ఉన్న ఫైలు పోయింది, ఆ పేరుతో ఒకటి వచ్చింది, దానికి తెలిసింది ఇంతే. తర్వాత ఎవరైనా మార్పులు చూపమన్నప్పుడు రెండింటినీ పోల్చుకుంటుంది. మామూలుగా 50 శాతమైనా పోలిక ఉంటేనే రెండూ ఒకటే ఫైలని గుర్తిస్తుంది. నువ్వు ఫైలును కదిలించి, లోపల కూడా బాగా తిరగరాశావనుకో, ఆ పోలిక దొరకదు. వేల లైన్లు పోయినట్టు, వేల లైన్లు కొత్తగా వచ్చినట్టు కనిపిస్తుంది. నీ మూడు లైన్లను అందులో ఎవరు వెతుకుతారు? పైగా ఏ లైను ఎవరు రాశారో చూపే 'గిట్ బ్లేమ్' చూస్తే ప్రతి లైను పక్కనా నీ పేరే ఉంటుంది. ఆ లైను అసలు ఎవరు, ఏ ఇబ్బంది తీర్చడానికి రాశారో తెలిపే దారి తెగిపోతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

మన కొండమీద అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు దొరికాయి కదా. వాటిని అధ్యాత్మం, శృంగారం అని వేర్వేరు సంపుటాలుగా అచ్చువేశారు. అయినా ప్రతి పాటకూ రాగంతో పాటు రేకు సంఖ్య వేశారు. ఈ రోజుకీ పాఠంలో అనుమానం వస్తే ఆ సంఖ్య పట్టుకుని రేకు దాకా వెళ్లవచ్చు. ఎంత శ్రద్ధ గల పని అది!

కాబట్టి ఫైలును కదిలించక తప్పదంటే, ఆ పని ఒక్కటే ఒక కమిట్‌గా చెయ్యండి. చోటు మారినందువల్ల మార్చాల్సిన దారులు (ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామాలు) తప్ప ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దు. తప్పు సరిచేయడం మరో కమిట్.

కొత్త ఫైలైతే, దానిలాంటి పని చేసే ఫైలు ఆ ప్రాజెక్టులో ఎక్కడుందో చూసి పక్కనే పెట్టండి.

ఇంకో సంగతి. కెర్నెల్‌లో 'మెయింటెయినర్స్' అనే ఫైలు ఉంటుంది. ఏ ఫోల్డరును ఎవరు చూసుకుంటారో అందులో రాసి ఉంటుంది. మీ మార్పు ఎవరికి పంపాలో చెప్పే స్క్రిప్టు కూడా దాన్నే చదువుతుంది. ఫైలు చోటు మారితే దాని బాధ్యత చూసే మనిషి కూడా మారవచ్చు. అందుకే ఫైలును కొత్తగా చేర్చినా, కదిలించినా, తీసేసినా, ఆ జాబితాను కూడా సరిచేయాలేమో చూసుకోమని, పంపే మార్పులను పరీక్షించే అక్కడి 'చెక్‌ప్యాచ్' స్క్రిప్టు హెచ్చరిస్తుంది.

తమ్ముడూ, కొత్త బ్రాంచి (ప్రాజెక్టులో విడిగా పనిచేసుకునే పాయ) తెరిచి ఆ మూడు లైన్లు మాత్రమే ఈ రాత్రికే మళ్లీ పంపు. ఫోల్డర్ల సంగతి, ముందు ప్రాజెక్టు చూసుకునేవాళ్లను అడుగు. వాళ్లు సరేనంటే అప్పుడు మొదలుపెట్టు.