116 డాలర్లు ఎవరు మింగారు? గిఫ్ట్ కార్డు దొంగలు, షాపోళ్ళ "మాకు సంబంధం లేదు"

హాయ్ అండి అందరికీ, ఎలా ఉన్నారు. ఈరోజు వీడియోలో కొంచెం కోపం కనిపిస్తుంది, ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇందులో డబ్బులు పోయినదానికన్నా పరువు పోయినందుకు ఎక్కువ మండింది నాకు.

మేముండేది డాలస్ పక్కన. మొన్న ఎండాకాలంలో మా ఫ్రెండ్ వాళ్ళది ఫ్రిస్కోలో గృహప్రవేశం. కొత్త ఇల్లంటే తెలుసుగా, కర్టెన్ రాడ్ల దగ్గర్నుంచి గడ్డి కోసే మెషీన్ దాకా అన్నీ కొనుక్కోవాలి, అందుకని మా ఆవిడ ఏమందంటే, కవర్లో డబ్బులు పెట్టేబదులు ఇంటి సామాన్ల షాపు గిఫ్ట్ కార్డు ఇద్దాం, వాళ్ళకి పనికొస్తుంది అని. బాగానే ఉంది ఐడియా. నేనెళ్ళి స్టాండుకి వేలాడుతున్న కార్డుల్లోంచి ఒకటి తీసి కౌంటర్లో ఇచ్చి 116 డాలర్లు వెయ్యమన్నా. ఆ అమ్మాయి నంబర్ రెండుసార్లు అడిగింది, వందా, నూటయాభయ్యా కాకుండా ఈ 116 ఏంటని. మన చదివింపుల లెక్క ఆ పిల్లకేం తెలుసు పాపం.

మూడు వారాలు పోయాక ఆ ఫ్రెండ్ ఫోన్ చేశాడు. పిల్లల స్కూలు గురించి మాట్లాడాడు, క్రికెట్ గురించి మాట్లాడాడు, ఫోన్ పెట్టేసే ముందు నసుగుతూ నసుగుతూ, "అన్నా, ఏమనుకోకు, ఆ కార్డు ఇచ్చేముందు యాక్టివేట్ చేయించావు కదా?" అన్నాడు. అప్పుడు బయటపడింది సంగతి. వాడు భార్యని తీసుకుని షాపుకెళ్ళి బండి నిండా సామాన్లు వేసుకుని, వెనకాల ఆరుగురు లైన్లో ఉండగా కార్డు గీస్తే బ్యాలెన్స్ సున్నా. రెండు వారాలు నాకు చెప్పలేక మింగలేక ఉన్నారంట. ఒక్కసారి నా పరిస్థితి ఊహించుకోండి, వాళ్ళింట్లో భోంచేసి, ఫొటోలు దిగి, ఖాళీ కార్డు చేతిలో పెట్టి వచ్చినోడిలాగా అయిపోయా నేను.

లక్కీగా రసీదు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో అడుగున నలిగిపోయి ఉంది. కార్డు వెనకాల నంబర్‌కి ఫోన్ చేశా. నలభై నిమిషాలు మ్యూజిక్ విన్నాక ఒకామె లైన్లోకొచ్చి, చాలా మర్యాదగా, నేను కార్డు కొన్న నాలుగు గంటలకి వేరే రాష్ట్రంలో వాళ్ళ షాపులోనే ఆ బ్యాలెన్స్ మొత్తం వాడేశారని చెప్పింది. ఏ ఊరో చెప్పింది, టైమ్ నిమిషాలతో సహా చెప్పింది. అమ్మయ్య, ఇంత క్లియర్‌గా తెలిసిపోయిందంటే పని అయిపోయినట్టే అనుకున్నా. ఆమె వెంటనే, "సారీ సర్, పోయిన, దొంగతనమైన కార్డులు మేము రీప్లేస్ చెయ్యం, మీరు కొన్న స్టోర్‌లో మాట్లాడండి" అంది. స్టోర్‌కెళితే మేనేజర్ కార్డు తిప్పి వెనకాల చిన్నచిన్న అక్షరాలు చూపించాడు, ఈ కార్డుని క్యాష్ లాగా జాగ్రత్తగా చూసుకోండి అని రాసుంది, కావాలంటే ఆ నంబర్‌కి ఫోన్ చెయ్యండి అన్నాడు. ఏ నంబర్‌కి? నేను పొద్దున్నే నలభై నిమిషాలు మ్యూజిక్ విన్న నంబర్‌కే.

అసలు ఇది ఎలా కొట్టేస్తారో చాలామందికి తెలీదు కాబట్టి అది చెప్తా. దొంగ మన జేబులో చెయ్యి పెట్టడు. వాడి పని మనం కార్డు కొనకముందే అయిపోతుంది. షాపులోంచి డబ్బులెయ్యని కార్డులు గుప్పెడు పట్టుకుపోతాడు, వాటిని ఎవరూ కాపలా కాయరు, ఎందుకంటే యాక్టివేట్ కాని కార్డు చిత్తుకాగితంతో సమానం. ఇంటికెళ్ళి కవర్ జాగ్రత్తగా విప్పి, గీకే పొర తీసి, నంబరూ పిన్నూ రాసుకుని, దానిమీద కొత్త పొర స్టిక్కర్ అంటించి మళ్ళీ కవర్ మూసేస్తాడు. ఆ గీకే స్టిక్కర్లు రోల్స్ రోల్స్ గా ఆన్‌లైన్లో దొరుకుతాయి. తర్వాత అవన్నీ తెచ్చి మళ్ళీ స్టాండుకే తగిలించేస్తాడు. ఇంక కంప్యూటర్లో ఒక ప్రోగ్రామ్ పెట్టి ఆ నంబర్ల బ్యాలెన్స్ గంట గంటకీ చూస్తూ ఉంటాడు. మనలాంటోడు ఎవడో గృహప్రవేశానికో బర్త్‌డేకో డబ్బులు వేయించగానే అక్కడ గంట మోగుతుంది. ఇంకో రకం ఏంటంటే, వెనకాల బార్‌కోడ్ మీద వేరే కార్డు బార్‌కోడ్ స్టిక్కర్ అంటిస్తారు, కౌంటర్లో స్కాన్ చేస్తే డబ్బులు డైరెక్ట్‌గా దొంగ దగ్గరున్న కార్డులో పడతాయి, మన చేతిలో ఉన్నది ఎప్పటికీ ఖాళీయే.

ఇదేదో చిల్లర దొంగలు చేసే పని అనుకోకండి. అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళు 2023 చివర్లో దీనికోసమే ప్రాజెక్ట్ రెడ్ హుక్ అని ప్రత్యేకంగా మొదలుపెట్టారు, చైనా నుంచి నడిచే ముఠాల మీద. అంటే స్టాండుకి వేలాడే కార్డులో దొంగ చెయ్యి ఉందని గవర్నమెంట్‌కి తెలుసు, షాపోళ్ళకి తెలుసు, కార్డు తయారుచేసే కంపెనీకి తెలుసు. తెలీనిది కొనేవాడికే.

ఇప్పుడు నా అసలు గొడవకొస్తా. "క్యాష్ లాగా చూసుకోండి" అంటారే, ఆ ఒక్క మాట మీద నాకు పిచ్చెక్కింది. క్యాష్ పోతే ఎందుకు తిరిగి రాదు? నా జేబులో ఉన్న ఇరవై డాలర్ల నోటు ఎక్కడ ఖర్చయిందో లోకంలో ఎవడికీ తెలీదు కాబట్టి. మరి ఈ కార్డు ఎప్పుడు లోడ్ అయ్యింది, ఎవరి క్రెడిట్ కార్డుతో కొన్నారు, ఏ ఊళ్ళో ఏ కౌంటర్లో ఎన్ని గంటలకి వాడారు, అన్నీ వాళ్ళ కంప్యూటర్లో ఉన్నాయి, నాకు ఫోన్లో చదివి వినిపించారు కూడా. ఆ కౌంటర్ పైన కెమెరా కూడా ఉంటుంది. మీ కార్డు, మీ షాపు, మీ కంప్యూటర్, మీ కెమెరా, పోయింది మాత్రం నాది. ఇదేం లెక్కండీ?

సరే, క్యాషే అనుకుందాం. క్యాష్ అయితే నాకొద్దు, వెనక్కి తీసుకుని నోట్లు ఇవ్వండి అంటే ఇస్తారా? ఇవ్వరు. మా టెక్సాస్‌లో చట్టం ప్రకారం కార్డులో మిగిలింది 2.50 డాలర్ల కన్నా తక్కువైతేనే డబ్బు రూపంలో అడిగే హక్కు ఉంది. పక్క షాపులో వాడుకుంటానంటే కుదురుతుందా? కుదరదు. కంపెనీ దివాలా తీస్తే? 2023లో బెడ్ బాత్ అండ్ బియాండ్ దివాలా తీసినప్పుడు మే 8 తర్వాత గిఫ్ట్ కార్డులు తీసుకోమన్నారు, అంతే, జనం దగ్గరున్నవన్నీ ప్లాస్టిక్ ముక్కలైపోయాయి. క్యాష్ ఎక్కడైనా అలా ఫలానా తారీకు నుంచి చెల్లదంటుందా (సరే సరే, 2016 నవంబర్ గురించి కామెంట్ పెట్టకండి, నాకూ గుర్తుంది, అప్పుడు కనీసం బ్యాంక్ ముందు లైన్లో నిలబడనిచ్చారు). అంటే వాళ్ళకి లాభం ఉన్నచోట అది కార్డు, మనకి నష్టం వచ్చినచోట అది క్యాష్.

ఇంకోటి, ఈ కార్డులు అమ్మితే షాపోడికి డబ్బులు ముందే వచ్చేస్తాయి, సామాను తర్వాత ఎప్పుడో ఇస్తాడు, కొంతమంది అసలు వాడనే వాడరు. స్టార్‌బక్స్ అయితే కస్టమర్లు కార్డుల్లో వదిలేసే డబ్బు ఏటా దాదాపు 20 కోట్ల డాలర్లు ఆదాయంలో రాసుకుంటోంది. మనం అందరం కలిసి వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టే కదా. అప్పు ఇచ్చినోడి డబ్బు వాళ్ళ దగ్గరుండగానే పోతే ఆ బాధ్యత వాళ్ళది కాదా?

రెండోవైపు కూడా చెప్పాలి, లేకపోతే వన్ సైడ్ అంటారు. షాపోళ్ళ భయం ఏంటంటే, జనం కార్డు వాళ్ళే వాడేసుకుని, లేదా తమ్ముడికి నంబర్ పంపి వాడించి, దొంగలు కొట్టేశారని వస్తారు, అందరికీ ఇచ్చుకుంటూ పోతే అదొక కొత్త దొంగతనం అవుతుంది అని. అది నిజమే, అలాంటోళ్ళు ఉంటారు, మనలోనూ ఉన్నారు. ఇంకా కిరాణా షాపులో వేరే కంపెనీ కార్డు కొంటే షాపోడికి మిగిలేది కమీషనే, అసలు డబ్బు ఆ కార్డు కంపెనీకి పోతుంది, కాబట్టి పాపం అంతా షాపోడి నెత్తిన వెయ్యలేం. తిలాపాపం తలా పిడికెడు. కానీ నా కేసులో అదీ లేదుగా, కార్డూ వాళ్ళదే షాపూ వాళ్ళదే. క్రెడిట్ కార్డు వాళ్ళకి కూడా ఇలా అబద్ధాలు చెప్పేవాళ్ళు ఉంటారు, మరి వాళ్ళు ఎంక్వైరీ చేసి తిరిగి ఇస్తున్నారా లేదా? ఎందుకిస్తున్నారు, చట్టం మెడ మీద కత్తి పెట్టింది కాబట్టి.

చట్టం విషయానికొస్తే అమెరికాలో 2009లో కార్డ్ యాక్ట్ అని ఒకటొచ్చింది, దానివల్ల గిఫ్ట్ కార్డులో డబ్బు కనీసం ఐదేళ్ళు ఎక్స్‌పైర్ కాకూడదు, ఇష్టమొచ్చినట్టు ఫీజులు కొయ్యకూడదు. అంతవరకూ బాగుంది. దొంగతనం గురించి మాత్రం దాంట్లో మనకి పనికొచ్చేది ఏమీ లేదు, డెబిట్ కార్డుకి ఉండే రక్షణ గిఫ్ట్ కార్డుకి ఇవ్వలేదు. మేరీల్యాండ్ వాళ్ళు 2024లో ఒక చట్టం చేశారు, 2025 జూన్ నుంచి అమలు, విప్పితే తెలిసిపోయేలా గట్టి ప్యాకింగ్ ఉండాలి, షాపు స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇవ్వాలి అని. దేశంలో అలాంటిది అదే మొదటిది. శాన్ ఫ్రాన్సిస్కో సిటీ అటార్నీ 2023 నవంబర్లో వనిల్లా అనే గిఫ్ట్ కార్డులు నడిపే ఇన్‌కామ్ కంపెనీ మీద కేసే వేశాడు, ప్యాకింగ్ తేలిగ్గా విప్పేలా ఉందని తెలిసినా మార్చలేదని, డబ్బు పోయినవాళ్ళకి రీఫండ్ ఇవ్వకుండా తిప్పుతున్నారని. ఇంక ఆపిల్ కథ వేరే, అక్కడ మోసగాళ్ళు ఫోన్ చేసి భయపెట్టి జనంతో ఐట్యూన్స్ కార్డులు కొనిపించి నంబర్లు చెప్పించుకున్నారు, ఆపిల్ ఏమో మేమేం చెయ్యలేం అంది, జనం కోర్టుకెళ్ళారు. బాధ్యత మాది కాదని కార్డు రూల్స్‌లో రాశాం కాబట్టి కేసు కొట్టెయ్యండి అంటే 2022లో జడ్జి ఒప్పుకోలేదు, చివరికి 3.5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. వెనకాల చిన్న అక్షరాల్లో రాసేస్తే అయిపోదని అక్కడే తేలింది.

ఇండియాలో చూసేవాళ్ళు మాకేంటి అనుకోకండి. రిజర్వ్ బ్యాంక్ రూల్స్ ప్రకారం గిఫ్ట్ కార్డు లిమిట్ 10,000 రూపాయలు, కనీసం ఏడాది చెల్లాలి. కానీ ఒకే షాపులో మాత్రమే చెల్లే కార్డు, అంటే ఏ బట్టల షాపోడో బంగారం షాపోడో సొంతంగా ఇచ్చే వోచర్, రిజర్వ్ బ్యాంక్ పర్మిషన్ కిందకి రాదు, అక్కడ మనకి దిక్కు కన్స్యూమర్ చట్టమే. హెల్ప్‌లైన్ 1915, ఆన్‌లైన్ మోసమైతే ఆలస్యం చెయ్యకుండా 1930. టెలిగ్రామ్ గ్రూపుల్లో వోచర్లు సగం రేటుకి అమ్ముతుంటారు చూడండి, అవి ఎక్కడ్నుంచి వస్తున్నాయో ఒక్క నిమిషం ఆలోచించండి, నాలాంటోడి 116 అలాగే ఎవడి చేతికో పోయుంటుంది.

మరి నేనేం చేశానంటే, ముందు ఫ్రెండ్‌కి డబ్బులు పంపించేశా, వాడు వద్దు వద్దంటే మా ఆవిడ వాళ్ళావిడకి పంపింది. తర్వాత పోలీస్ రిపోర్ట్ ఆన్‌లైన్లో పెట్టా, టెక్సాస్ అటార్నీ జనరల్ ఆఫీస్‌కి కంప్లైంట్ పెట్టా, క్రెడిట్ కార్డు వాళ్ళ దగ్గర డిస్ప్యూట్ వేశా, అంటే ఈ ఖర్చు నేను ఒప్పుకోను, డబ్బు వెనక్కి ఇప్పించండి అని. క్రెడిట్ కార్డుతో కొనడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని, క్యాష్‌తో కొనుంటే ఆ దారి కూడా ఉండేది కాదు. వాళ్ళు మొదటిసారి తిప్పికొట్టారు, కార్డు మీ చేతికి వచ్చింది కదా, కొన్న వస్తువు అందింది కదా అని. నేను మళ్ళీ రాశా, నేను కొన్నది ప్లాస్టిక్ కాదు బాబూ, అందులో ఉన్న 116, అది అందలేదు అని, రసీదూ పోలీస్ రిపోర్టూ జతచేశా. ఇంకా నడుస్తోంది. ఇదీ కాకపోతే ఇక్కడ జస్టిస్ కోర్టుంది, 20,000 డాలర్ల లోపు గొడవలకి లాయర్ లేకుండా మనమే వెళ్ళొచ్చు, 116 కోసం వెళ్ళాలా అని మా ఆవిడ అడుగుతోంది, నాకైతే వెళ్ళాలనే ఉంది.

కొనక తప్పదనుకుంటే, స్టాండుకి వేలాడేవి వదిలేసి ఈమెయిల్లో వచ్చేది కొనండి. ప్లాస్టిక్‌దే కావాలంటే కవర్ అంచులు గోరుతో గీసి చూడండి, జిగురు తేడాగా ఉంటే వదిలెయ్యండి, కౌంటర్ దగ్గరే నిలబడి రసీదు మీద నంబర్ చివరి అంకెలు కార్డు మీద అంకెలతో కలుస్తున్నాయో లేదో చూడండి, బార్‌కోడ్ మార్చినోడు అక్కడ దొరికిపోతాడు. రసీదు ఫోటో తీసి పెట్టుకోండి. ఎవరికైనా ఇస్తే రసీదు కూడా కవర్లో పెట్టండి, రేటు కనిపిస్తుంది, బాగోదు అని సిగ్గుపడకండి, ఆ సిగ్గు వల్లే నా ఫ్రెండ్ రెండు వారాలు నోరు విప్పలేదు.

వచ్చే శనివారం మాకు ఇంకో గృహప్రవేశం ఉంది, ప్రాస్పర్‌లో. ఈసారి మా అమ్మ పోయినసారి వచ్చినప్పుడు తెచ్చిన కవర్లలో, అదే, పైన రూపాయి బిళ్ళ అంటించి ఉంటుంది చూడండి, అందులో నోట్లు పెట్టి ఇచ్చేస్తున్నాం. కాకపోతే ఆ కవర్ ఇదే ఆఖరుది. హైదరాబాద్ నుంచి డాలస్ ఎవరైనా వస్తుంటే కామెంట్లో చెప్పండి, ఒక పాతిక కవర్లు తెచ్చిపెడితే డబ్బులిచ్చేస్తా, క్యాషే ఇస్తా.